పాపకి నీళ్ళు పోసే వేళ

దెయ్యాన్ని చూశానని ఎవరైనా చెబితే "ఫోటో తీశావా?" అని ఏడిపించే రకం నేను. పరాయి దేశంలో, ఎడిసన్ అనే ఊళ్ళో మేము అద్దెకున్న పాత ఇంట్లో జరిగినదాన్ని కూడా దెయ్యం అనను. ఏమనాలో తెలియక ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు.

అది 2009 చలికాలం. మాకు పాప పుట్టింది. పురిటికి మా అత్తగారు తెనాలి నుంచి రావాల్సింది, వీసా ఇవ్వలేదు. దాంతో నా భార్య సునీత పసిపిల్లకి నీళ్ళు పొయ్యడం లాప్‌టాప్‌లో వాళ్ళమ్మను చూస్తూ నేర్చుకుంది. బాత్‌టబ్‌లో పీట వేసుకుని, కాళ్ళు చాపి, పాపని కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకునేది. కమోడ్ మూత మీద లాప్‌టాప్, అందులోంచి అత్తగారి కేకలు.

"ముందు వీపు మీద పొయ్యవే. చెవికి చెయ్యి అడ్డం పెట్టు. అయ్యో, ఆ నీళ్ళు చల్లారినట్టున్నాయే, పిల్ల వణుకుతోంది!"

చల్లారేవి, నిజమే. ఆ ఇంటి బాయిలర్ గదుల్ని వెచ్చగా ఉంచేది కానీ కుళాయిలోకి వేడి నీళ్ళు పంపేది కాదు. కుళాయి తిప్పగానే వేడిని గదుల వైపు నుంచి నీళ్ళ వైపు మళ్ళించే వాల్వ్ ఒకటి లోపల ఉంటుంది. అది ఇరుక్కుపోయింది. ఇంటి ఓనర్ని అడిగితే పార్ట్ ఆర్డర్ చేశానంటూ ఇవాళ, రేపు అని తిప్పాడు. మేము స్టవ్ మీద కాచి గిన్నెలతో పైకి మోసేవాళ్ళం. పాపకి నూనె రాయడం అయ్యేసరికి వాటిలో వేడి మిగిలేది కాదు.

రెండో నెల నిండకుండానే పాప పోయింది. పుట్టుకతోనే గుండెలో లోపం ఉందని డాక్టర్లు స్కాన్ చూపించి మరీ చెప్పారు. సునీత తలకెక్కలేదు. "చల్లటి నీళ్ళు పోశాను. నా చేతులతో పోశాను," అని అదే మాట. తిండి మానేసింది. నేను ఆఫీస్ నుంచి వచ్చేసరికి పొద్దున కూర్చున్న చోటే ఉండేది. ఈమె కూడా నాకు దక్కదేమోనని భయం పట్టుకుంది. వర్క్ ఫ్రం హోం అడిగి ఇంట్లోనే ఉండిపోయాను.

ఒక ఉదయం బట్టలు ఉతకడానికి బేస్‌మెంట్‌లోకి దిగాను. బాయిలర్ మీద రెండు చిన్న లైట్లుంటాయి. ఒకటి గదులకి, రెండోది కుళాయిలకి. ఇంట్లో ఎక్కడైనా కుళాయి తిప్పి ఉంటేనే రెండోది వెలుగుతుంది. అది వెలుగుతోంది. సునీత లేచిందేమోనని ఆశగా పైకి పరిగెత్తాను. తను మంచం మీదే ఉంది. కుళాయిలన్నీ కట్టేసి ఉన్నాయి. మళ్ళీ కిందికి వచ్చి బాత్రూంకి వెళ్ళే పైపు మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది.

అది పాపకి నీళ్ళు పోసే వేళ. మర్నాడూ అదే వేళకి వెలిగింది, ఆ మర్నాడూ వెలిగింది. మిగతా సమయాల్లో ఏ కుళాయి తిప్పినా మంచు నీళ్ళే.

కుళాయి తిప్పింది పసిగట్టే సెన్సర్ తప్పు అనుకుని, నాతో పనిచేసే వరంగల్ రమేశ్‌ని పిలిచాను. ఇంటికి నీళ్ళొచ్చే మెయిన్ వాల్వ్ కట్టేశాం. అయినా లైటు వెలిగింది. రమేశ్ నీళ్ళ మీటర్ దగ్గర వంగి చూశాడు.

"అన్నా, మీటర్ తిరుగుతలేదు. నీళ్ళే పోతలేవు, మరి పైపు ఎట్ల వెచ్చగైతుంది?"

పైపు ముట్టుకుని చెయ్యి లాక్కున్నాడు. తర్వాత మా ఇంటికి భోజనానికి పిలిస్తే ఏదో ఒక పని చెప్పి తప్పించుకునేవాడు.

సునీతకి తెలియకుండా దాచాలనుకున్నాను. మా మాటలు వినబడ్డాయో ఏమో, తనే దిగి వచ్చింది. పైపు చుట్టూ రెండు అరచేతులూ వేసి చాలాసేపు నిలబడింది.

"గోరువెచ్చగా ఉన్నాయి. ఇప్పుడు దానికి సరిపోతాయి," అంది.

ఆ రోజు అన్నం తింది. అప్పట్నుంచి రోజూ ఆ వేళకి దిగి వెళ్ళి, లైటు ఆరేదాకా పైపు పట్టుకుని కూర్చునేది. పైకొచ్చి నాలుగు ముద్దలు తినేది. నేను మెట్ల పైనే ఆగిపోయేవాణ్ణి, కానీ తను తింటోంది కదా, అది చాలనుకున్నాను. బాయిలర్ అలాగే ఉండాలని దేవుడికి దండం పెట్టుకున్నాను.

చివరికి ఆ పార్ట్ రానే వచ్చింది. "వద్దని చెప్పండి," అని సునీత నా చెయ్యి పట్టుకుంది. ఓనర్‌కి ఫోన్ చేసి, మేము ఇలాగే సర్దుకుపోతాం, వద్దన్నాను. ఇల్లు నాది, బాగు చేయించాల్సిందే అన్నాడు ఓనర్. కారణం ఏమని చెప్పను?

మెకానిక్ పాత వాల్వ్ ఊడదీసి చూపించాడు. తుప్పుపట్టి బిగుసుకుపోయింది. దీంతో ఆ పైపులోకి వేడి వెళ్ళే అవకాశమే లేదన్నాడు. రోజూ పొద్దున వెళ్తోందని చెప్పాను. నా వంక అదోలా చూసి సామాన్లు సర్దుకున్నాడు. కుళాయి తిప్పితే చెయ్యి కాలేంత వేడి నీళ్ళు వచ్చాయి.

మర్నాడు సునీత వేళకి దిగింది. లైటు వెలగలేదు. పైపు చల్లగా ఉంది. మధ్యాహ్నం దాకా పట్టుకునే కూర్చుంది. పైకి రమ్మని నేను భుజం మీద చెయ్యి వేస్తే తలెత్తింది.

"ఇక నుంచి దానికి నీళ్ళు ఎవరు పోస్తారండీ?"

తనని లేపి పైకి తీసుకెళ్ళాను. అన్నాళ్ళూ ఎవరు పోశారో నాకు ఈ రోజుకీ తెలియదు.