ఆపా వరండాలో బుధవారాలు

పోయిన వారం మద్దూరులో చుట్టాలింటికి వెళ్ళి తిరిగి వస్తూ సిద్దిపేట బస్టాండులో దిగాను. ఎండ మండిపోతోంది. తల్లులు పిల్లలకు పాలివ్వడానికని కట్టిన చిన్న గదిలో ఫ్యాను తిరుగుతూ కనిపిస్తే, ఎవరైనా వస్తే లేచి వెళ్ళిపోదాంలే అనుకుని లోపలికి వెళ్ళి కూర్చున్నాను. అయిదు నిమిషాలు కాకముందే ఇరవై, ఇరవై రెండేళ్ళ పిల్ల ఒకామె నెలల బిడ్డతో వచ్చింది. నేను లేవబోతే వద్దని సైగ చేసి, అటు తిరిగి పాలివ్వడానికి తంటాలు పడసాగింది. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి మెడ మాత్రం తిప్పి రొమ్ము అందిస్తోంది, బిడ్డ అందుకుని వదిలేసి ఏడుస్తోంది, తల్లి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఉండబట్టలేక దగ్గరకు వెళ్ళి, బిడ్డ పొట్ట తల్లి పొట్టకు ఆనేలా తిప్పి, నోరు బాగా తెరిచేదాకా ఒక్క క్షణం ఆగమన్నాను. బిడ్డ ఊరుకుంది. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, నర్సమ్మవా అని అడిగింది. కాదన్నాను. మరెవరు నేర్పారంటే, మా పక్కింటి ఆపా అని చెప్పాను. ఇంటికి చేరేదాకా ఆపా తప్ప నాకు మరో ఆలోచన లేదు.

మా తరం వాళ్ళకు చెబితే నమ్ముతారు గానీ, ఇప్పుడు జిల్లా కేంద్రమై ఇంత పెరిగిన మా సిద్దిపేటలో అప్పట్లో గల్లీకి ఈ చివర తుమ్మితే ఆ చివర వినబడేది. మేము రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. నాకింకా బడిలో ఉద్యోగం రాలేదు. ఇంటి గోడకు ఆనుకుని ఒక దర్జీ ఇల్లు, ఆ దర్జీ భార్యే ఆపా. అయిదుగురు పిల్లల తల్లి, సన్నగా పొడుగ్గా ఉండేది, ఎప్పుడూ దారప్పోగులు అంటుకున్న దుపట్టాతో కనిపించేది. చదువు లేదు. ఉర్దూ, తెలుగు కలిపి ఒకే భాషగా మాట్లాడేది, అది మాకు చక్కగా అర్థమయ్యేది. ఆపా అంటే ఉర్దూలో అక్క, ఆమె అసలు పేరు మాకెవరికీ అవసరం రాలేదు.

నాకు మొదట కొడుకు పుట్టాడు. వారం తిరిగేసరికి నా చనుమొనలు పగిలి నెత్తురు కారేది, బిడ్డ ఏడిస్తే సంతోషంగా ఎత్తుకోవలసింది పోయి భయంతో బిగుసుకుపోయేదాన్ని. మా అత్తమ్మ చెడ్డది కాదు. మనవడు రోజురోజుకీ వాడిపోవడం చూడలేక, పాలు పడతలేవు, డబ్బా పాలు తేవాలని కొడుక్కు చెప్పింది. అది విని నేను వంటింట్లో కూర్చుని ఏడుస్తుంటే, గోడ అవతల బట్టలు ఆరేస్తున్న ఆపా చేతిలో తడి గుడ్డ అట్లాగే పట్టుకుని మా ఇంట్లోకి వచ్చేసింది. బిడ్డను, నన్ను కాసేపు అటూ ఇటూ చూసి నవ్వింది.

“పాలున్నయ్ బేటీ. పోరనికి పట్టుకోను జాగ దొరుకుతలేదు, గంతే.”

ఆ పూట ఆమె నా పక్కన కూర్చుని బిడ్డను ఎట్లా పట్టుకోవాలో చూపింది. మర్నాడు వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. అయిదారు రోజులకు నా పుండ్లు మానాయి, పక్షం రోజులకు బిడ్డ బుగ్గలు తేలాయి. అప్పటినుంచి మా అత్తమ్మ వాకిట్లో ఎవరి పసిబిడ్డ ఏడ్చినా, “ఆపాను పిలువున్రి” అనేది.

అట్లా ఒకరి తర్వాత ఒకరం చేరి, ఎవరూ పెట్టకుండానే ఒక గుంపు తయారైంది. దానికి పేరు లేదు, చందా లేదు, బోర్డు అంతకన్నా లేదు. బుధవారం మధ్యాహ్నం దర్జీ తన మిషను పక్కకు జరిపేవాడు. కత్తిరించిన గుడ్డ ముక్కలతో ఆపా కుట్టిన పెద్ద బొంత వరండాలో పరిచేవాళ్ళం, దానిమీద పిల్లలు వరసగా పడుకునేవారు. బీడీలు చుట్టే ఆడవాళ్ళు చంకలో చాటలతోనే వచ్చేవారు, పూట గడవాలంటే చేతులు ఆగకూడదు కదా. ఆపా మాత్రం తంబాకు చాటలన్నీ గేటు బయట పెట్టించి, సబ్బుతో చేతులు కడిగిస్తే గానీ బిడ్డను ముట్టుకోనిచ్చేది కాదు. పెద్ద దవాఖానలో పనిచేసే ఒక నర్సమ్మ ఈ సంగతి విని, ఒక బుధవారం వచ్చి చూసి, తనకు తెలిసినవి ఆపాకు చెప్పి, ఆపాకు తెలిసినవి తాను విని వెళ్ళింది. ఆ తర్వాత పాల ఇబ్బంది ఉన్న తల్లుల్ని ఆమే మా దగ్గరకు పంపేది.

నాకు రెండో బిడ్డ పుట్టి ఎనిమిది నెలలప్పుడు, అట్లాగే నర్సమ్మ పంపితే నారాయణరావుపేట నుంచి ఒకామె వచ్చింది, మేమంతా ఆమెను చెల్లె అనేవాళ్ళం. ఆమె ఒళ్ళో పందొమ్మిది రోజుల ఆడపిల్ల. ఆ పిల్ల ఆమె కన్నది కాదు, కాన్పయిన మూడోనాడు చనిపోయిన ఆమె అక్క బిడ్డ. పోసిన పాలేవీ అరగక, విరేచనాలతో దవాఖానలో ఉండి అప్పుడే బయటపడిన ఆ పసిదాని కాళ్ళు నా రెండు వేళ్ళంత ఉన్నాయి. తండ్రి తరఫు వాళ్ళు బతికితే బతుకుతుంది, ఆడపిల్లే కదా అన్నారట. ఈ చెల్లె మాత్రం బస్సెక్కి వచ్చి, మా అందరి మధ్యా నిలబడి, సిగ్గు విడిచి అడిగింది.

“ఎవలన్న జరన్ని పాలియ్యున్రి అక్కా. మా అక్క బిడ్డ పానం నిలవడ్తది.”

ఇస్తామని నేనూ, ఇంకో ఆమే ఒకేసారి అన్నాము. ఆపా మాత్రం చెల్లెను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, నీకెంతమంది పిల్లలని అడిగింది. ఒక్క బిడ్డే, నాలుగేళ్ళది, పాలు మాన్పించి రెండేళ్ళు దాటిందని చెల్లె చెప్పింది.

“ఈ పూట వీళ్లిస్తరు బేటీ. రేపు నారాయణరావుపేటల ఎవలిస్తరు? నువ్వే ఇయ్యాలె. మా అమ్మ గిట్లనే ఒక పిల్లకు ఇచ్చింది, నా కండ్లతోని చూసిన.”

నేను ఆపాను లోపలికి లాగి, అక్క పోయిన దుఃఖంలో ఉన్నదానికి లేని ఆశ ఎందుకు పెడుతున్నావని కోప్పడ్డాను కూడా. ఆమె అప్పటికప్పుడు నర్సమ్మ దగ్గరకు బయలుదేరింది.

నర్సమ్మ నవ్వలేదు. డాక్టరమ్మను అడిగి వచ్చి, అది జరగగలదని, జరగకపోనూవచ్చని చెప్పింది. పాలిస్తామన్న మా ఇద్దరికీ రక్త పరీక్షలు చేయించారు. మా పాలు పిండి గిన్నెలో ఉంచాలి. వెంట్రుకకు కాస్త లావుగా ఉండే గొట్టం ఒక కొస ఆ గిన్నెలో, రెండో కొస చెల్లె రొమ్ము దగ్గర ఉండాలి. బిడ్డ పిన్ని రొమ్మునే చీకుతుంది, పాలు మాత్రం గిన్నెలోంచి వస్తాయి. ఇట్లా రోజుకు పది సార్లు. “బిడ్డ గుంజుతనే ఉంటె వొంటికి మల్ల యాదికొస్తది” అని ఆపా తన మాటల్లో చెప్పింది.

చెల్లె తన కూతుర్ని కూడా తెప్పించుకుని ఆపా ఇంట్లో వెనక గదిలో ఉండిపోయింది. మేము వంతులు వేసుకున్నాము. గిన్నె, గొట్టం మరిగించడం నా వంతు. చెల్లె నాలుగేళ్ళ కూతురికి తల దువ్వి అన్నం పెట్టడం మా అత్తమ్మ తీసుకుంది. బీడీలు చుట్టే ఆమె ఒకతె పని మానుకుని మధ్యాహ్నాలు చెల్లె వీపు రాస్తూ కూర్చునేది, ఆమెకు ఆ పూట కూలి పోయేదని మాకు తర్వాత గానీ తట్టలేదు. మూడు రోజులకు ఒకసారి దవాఖానలో బిడ్డ బరువు చూసేవారు. బరువు పెరుగుతోంది, కానీ అది గిన్నెలోని మా పాల వల్ల. చెల్లెకు ఒక్క చుక్క లేదు.

పదో రోజున చెల్లె భర్త సైకిలు మీద వచ్చాడు. మనిషి మెత్తనివాడే గానీ ఆ రోజు ముఖం ఎర్రగా ఉంది. గేటు దగ్గరే నిలబడి, ఊర్ల నవ్వుతున్రు, మాన్పించిన రెండేండ్లకు పాలెట్ల వస్తయని అడుగుతున్రు, ఇగ పోదాం పా అని భార్యను పిలిచాడు. చెల్లె లోపలి నుంచి బయటికి రాలేదు. ఆపా వెళ్ళి ఎదురుగా నిలబడింది.

“నవ్వనియ్ బేటా. పిల్ల ఏడ్వద్దు గని, ఊరు నవ్వితె ఏమాయె?”

అతను హ్యాండిలుకు కట్టిన సంచీలోంచి మక్కకంకులు తీసి అరుగు మీద పెట్టి, సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం చెల్లె తన వల్ల కాదని నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. అక్కను పోగొట్టుకున్నాక ఆమె ఏడవడం అదే మొదటిసారని తర్వాత చెప్పింది. నాకూ నమ్మకం లేదు, లేదని చెప్పే ధైర్యమూ లేదు. రేపొక్కరోజు చూద్దామన్నాను. మర్నాడు కూడా అదే మాట అన్నాను. అట్లా రోజుకొక అబద్ధం చొప్పున ఇంకో పదిరోజులు గడిపాను.

ఇరవై రెండో రోజు బుధవారమే. వరండా నిండా తల్లులు, పిల్లలు. చెల్లె గోడకు ఆనుకుని బిడ్డకు పాలిస్తోంది, నేను పక్కన గిన్నె పట్టుకుని కూర్చున్నాను. ఎవరో ఏదో చెబుతుంటే అందరం నవ్వుతున్నాము. అంతలో ఆపా చెయ్యెత్తి అందర్నీ ఊరుకోమంది.

“ఆగున్రి. గొట్టం జారి కింద పడ్డది. మరి పిల్ల ఏం మింగుతున్నది?”

చూశాను. గొట్టం కొస చెల్లె చీర కుచ్చెళ్ళ మీద పడి ఉంది. నా చేతిలో గిన్నె నిండుగా అట్లాగే ఉంది. బిడ్డ మాత్రం కళ్ళు మూసుకుని, ఒక గుక్క, కాస్త ఆగి మళ్ళీ ఒక గుక్క, మింగుతూనే ఉంది. ఆ నిశ్శబ్దంలో ఆ చప్పుడు మాకందరికీ వినిపించింది. కాసేపటికి బిడ్డ వదిలేసి తల పక్కకు తిప్పితే పెదవి మూలన తెల్లగా ఒక చుక్క నిలిచింది. దాన్ని మేమెవరం తుడవలేదు. చెల్లె ఆ చుక్కను చూసింది, తన రొమ్మును చూసుకుంది, మళ్ళీ మా ముఖాల్లోకి చూసింది, ఇది నిజమేనా అని మమ్మల్ని అడుగుతున్నట్టు. కన్న పిల్లలకు ఇద్దరికి పాలిచ్చాను, ఎందరో ఇవ్వడం చూశాను, కానీ పాలంటే ఏమిటో ఆ రోజుదాకా నాకు తెలియదనిపించింది. ఆపా తన దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. మా అత్తమ్మ ఒక్కతే కదిలింది. ఇంటికి వెళ్ళి గుప్పెడు ఉప్పు తెచ్చి, తల్లికీ బిడ్డకూ దిష్టి తీసింది. అవును, తల్లికీ బిడ్డకూ. ఆ క్షణం నుంచి ఆమెను ఎవరం పిన్ని అనలేదు.

నిండుగా పడ్డాయని చెబితే అబద్ధమవుతుంది. చెల్లె పాలు బిడ్డకు సగం ఆకలి తీర్చేవి, మిగతా సగం మా గిన్నె తీర్చేది, ఆరో నెలలో జావ మొదలయ్యేదాకా అట్లాగే నడిచింది. దవాఖానలో డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి వచ్చి చెల్లె చేతులు పట్టుకుంది. రెండోసారి సైకిలు మీద వచ్చిన భర్త ఈసారి గేటు దగ్గర ఆగలేదు. చెప్పులు విడిచి వరండాలోకి వచ్చి, పాలు తాగుతున్న బిడ్డను చూసి, గోడవైపు తిరిగి కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఊరికి తిరిగి వెళ్ళాక కూడా చెల్లె ఏళ్ళ తరబడి బుధవారం బస్సెక్కి వచ్చేది. పాలు రావడం లేదని ఏడ్చే కొత్త తల్లి పక్కన కూర్చుని, నేను కననేలేదు, అయినా వచ్చినయ్ అని చెప్పేది. ఆ మాట తర్వాత మేమెవరం చెప్పవలసింది ఏమీ మిగిలేది కాదు. ఆ పాప ఇప్పుడు కొండపాక వైపు ఒక బడిలో పంతులమ్మ.

నాకు ఉద్యోగం వచ్చింది, ఆపా పిల్లలు పట్నంలో స్థిరపడ్డారు, దర్జీ చూపు తగ్గింది, బుధవారాలు వాటంతటవే పలచబడి ఆగిపోయాయి. ఎప్పుడు ఆగిపోయాయో సరిగ్గా చెప్పలేను. ఆపా నిరుడు పోయింది. ఆ రోజు గల్లీలో నిలబడిన ఆడవాళ్ళలో సగంమంది ఒకరికొకరు తెలియనివాళ్ళే. ఆపా నీకేమవుతుందని అడగడానికి బదులు, నువ్వు ఏ బిడ్డప్పుడు వచ్చినవని ఒకరినొకరు అడుగుతుంటే విన్నాను.

ఆపాకు తెలిసిందంతా ఇప్పుడు ఫోన్లో ఉంది, ఇంకా ఎక్కువే ఉంది. మా కోడలు కాన్పయ్యాక ఏదో సందేహం వచ్చి తల్లుల గ్రూపులో అడిగితే నిమిషంలో పది జవాబులు వచ్చాయి, పదీ సరైనవే. ఎక్కడెక్కడి ఆడవాళ్ళో, ముఖం తెలియని పిల్ల కోసం పని ఆపి రాసినవి. ఇది తక్కువ సంగతి కాదు, నాకు సంతోషమే. కానీ ఆ పదీ చదువుకున్నాక ఆమె బిడ్డను తీసుకుని గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుని ఒక్కతే కూర్చుంది. ఇన్నేళ్ళు ఇంతమంది పక్కన కూర్చున్న నేను ఆ తలుపు ముందు నిలబడి, పిలవకుండా వెళితే ఏమనుకుంటుందోనని వెనక్కి వచ్చేశాను. ఆపా అయితే చేతిలో తడి గుడ్డతోనే లోపలికి వెళ్ళిపోయేది.