అచ్చులో ఉందండీ

టైపు మాస్టారంటే నాకిప్పటికీ ఒళ్ళు మంటే. ఎనభైల్లో ఆయనకి నందిగామలో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఆదివారాలు జగ్గయ్యపేటలో మా ఇంటికి వచ్చేవాడు, మద్రాసు నుంచి నేను తెచ్చుకున్న ఆట ఆడటానికి. యోధుడో, మాంత్రికుడో, దొంగో, ఏదో ఒక వేషం ఎంచుకుని, పాచికలు వేస్తూ కథలో నడవాలి. ఆట పుస్తకంలో ఉన్నవి నాలుగే వేషాలు. మాస్టారికి అవి ఆనలేదు. ఆ ఆటకి వేరేవాళ్ళు రాసిన అనుబంధమంటూ వారానికో, టైపు కొట్టి సైక్లోస్టైల్ మీద కాపీలు తీసిన పుస్తకం తెచ్చి, అందులోంచి కొత్త వేషం కట్టేవాడు. "ఇదెక్కడి న్యాయమండీ?" అంటే, వేలు తడి చేసుకుని పేజీ తిప్పి, "అచ్చులో ఉందండీ" అనేవాడు.

ఒక వారం చావులేని గరుడవీరుడై దిగి, మాతో ఆడే మా వదిన ఏడాదిగా పెంచుకున్న దొంగ వేషాన్ని ఒక్క దెబ్బకి చంపేశాడు. వదిన ఆ పుస్తకం తీసుకుని చూసింది. ఆవిడ ఆయన దగ్గరే టైపు నేర్చుకుంటోంది.

"మాస్టారూ, ఇందులో 'ఆర్' అక్షరం వరస దాటి పైకెగురుతోంది. ఇన్‌స్టిట్యూట్‌లో మన మూడో మిషన్ మీద కొట్టిందేగా ఇది?"

సిగ్గుపడతాడేమోనని చూశాను.

"ఎక్కడ కొడితే ఏంటమ్మా? అచ్చులో ఉందిగా!" అన్నాడు.

మరుసటి ఆదివారం వదిన ఓ కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది. దొంగని చంపిన గరుడవీరుడు వారం తిరిగేసరికి చస్తాడని ఇంగ్లీషులో ఒకే వాక్యం. అందులోనూ 'ఆర్' పైకెగిరే ఉంది.

మాస్టారి మొహం కందిపోయింది. "ఎవరు రాశారిది?" అని అరిచాడు.

వదిన వేలు తడి చేసుకుని, కాగితం ఆయన వైపు తిప్పింది.

"అచ్చులో ఉందండీ."