టోపీ కప్ప నిదానంగా దూకిన రోజు

ఈ ఉదయం సూర్యాపేటలోని నా షాపులో ఒక పాత గేమ్ క్యాసెట్ శుభ్రం చేద్దామని రబ్బరు కోసం వెతికాను. మామూలు పెన్సిల్ రబ్బరు ఎక్కడ పడిపోయిందో కనిపించలేదు. పక్కనున్న పుస్తకాల కొట్టుకు వెళితే స్కూలు పిల్లలు కొనుక్కునే సువాసన రబ్బర్లు తప్ప మరేమీ లేవన్నారు. సరేనని అదే తెచ్చి, క్యాసెట్ అడుగున వరుసగా ఉండే రాగి పళ్లను మెల్లగా రుద్దడం మొదలుపెట్టాను. నాలుగుసార్లు రుద్దేసరికి రబ్బరు వేడెక్కి, అనాసపండు చాక్లెట్ వాసన గుప్పుమంది. నా చేయి ఆగిపోయింది. పదేళ్ల కిందట మిర్యాలగూడలో, రైసు మిల్లుల ఊక దుమ్ము లోపలికి రాకుండా తలుపుకు తడి గోనెపట్టా వేలాడదీసిన ఒక చిన్న గదిలో, ఇదే వాసన మధ్య నేను పని నేర్చుకున్నాను. నేర్పినావిడ పేరు ఎస్తేరు. ఆ రోడ్డులో అందరికీ ఎస్తేరక్క.

అక్క టీవీ మెకానిక్. అప్పటికి యాభై దాటిన మనిషి. పొట్టిగా, బలంగా ఉండేది. కళ్లజోడును ఎప్పుడూ నుదుటి మీదికి తోసి పెట్టుకుని, అది కనిపించడం లేదని బల్లంతా తడుముకునేది. ఆమె తండ్రి రేడియోలు బాగుచేసేవాడట. తండ్రి పక్కన కూర్చుని చూసిందే ఆమె చదువు. నేను డిప్లొమా పూర్తిచేసి, రెండేళ్లు హైదరాబాదులో ఒక సర్వీస్ సెంటర్‌లో పనిచేసి, అది మూతపడితే ఇంటికి తిరిగొచ్చినవాణ్ణి. నాకు చాలా తెలుసన్న ధీమాతోనే ఆమె దగ్గర చేరాను. మొదటి రోజు ఒక గేమ్ క్యాసెట్ పని చేయకపోతే, చిన్నప్పుడు అందరం చేసినట్టే దాన్ని నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా ఊదాను. అక్క బల్ల అవతలి నుంచి చటుక్కున నా చేయి పట్టుకుంది.

"ఊదకు తమ్మీ. తుంపర పడ్తే రాగికి చిలుము పడ్తది. ఇగో, ఈ వాసన రబ్బరుతోని రుద్దు. జర నిదానంగ."

ఆమెకు టీవీల పని తగ్గిపోతున్న కాలం అది. కొత్త టీవీలు చెడిపోతే జనం బాగుచేయించుకోవడం మానేశారు. అదే సమయంలో, ఎప్పుడో అటకెక్కిన గేమ్ మెషిన్ల కోసం నా వయసువాళ్లు మళ్లీ వెతకడం మొదలుపెట్టారు. అక్క పాత సామాన్ల వాళ్ల దగ్గర వాటిని ఏరి తెచ్చి బతికించేది. నేను వాటి మీద ఫోన్‌లో వీడియోలు తీసి పెట్టేవాణ్ణి. అందరూ అడిగేది ఒకే ఆట గురించి. తలపై ఎర్రటోపీ పెట్టుకున్న కప్ప ఒకటి కుడివైపుకు పరుగెత్తుతూ గుంతలు దూకుతూ, తామరాకుల మీద అడుగులేస్తూ వెళ్లాలి. దాని అసలు పేరు డబ్బా మీద జపాన్ అక్షరాల్లో ఉండేది. మా జిల్లాలో పిల్లలందరికీ అది టోపీ కప్ప.

ఆ ఆట ఒక్కటే అయినా రకరకాల మెషిన్ల మీద రకరకాలుగా వచ్చింది. మొదటి మెషిన్ మీద వచ్చినది నాలుగు రంగులతో బోడిగా ఉంటుంది గానీ, బటన్ నొక్కిన క్షణంలో కప్ప ఎగురుతుంది. తర్వాతి పెద్ద మెషిన్ మీద మబ్బులు, కొండలు, జలపాతాలు చేర్చారు. చేతిలో పట్టుకుని ఆడే బుల్లి మెషిన్‌లో తెర చిన్నది కావడంతో గుంత దగ్గరికి వెళ్లేదాకా కనిపించదు. ఇవిగాక మొదటి మెషిన్‌కే మన దేశపు టీవీలకని తయారైన రకం ఇంకొకటి ఉండేది. మన పాత టీవీలు సెకనుకు యాభైసార్లు బొమ్మ గీస్తే, జపాన్ టీవీలు అరవైసార్లు గీసేవి. అరవైకి కట్టిన ఆటను సరిచేయకుండా యాభైకి వదిలేయడంతో కప్ప నడకా, వెనుక పాటా అన్నీ నీళ్లలో నడిచినట్టు నిదానించాయి. వీటిలో ఏది గొప్పదో తేలుస్తూ నేను ఒక పెద్ద వీడియో తీశాను. మొదటి మెషిన్ జపాన్ రకానికి పట్టం కట్టాను. మన నిదానపు రకాన్ని కెమెరా ముందు రెండు వేళ్లతో ఎత్తిపట్టి, "ఇది చెత్తబుట్టకే" అన్నాను. ఆ వీడియో చాలామంది చూశారు. అక్క కూడా చూసి, "మంచిగ మాట్లాడినవ్" అని మాత్రం అంది. అందులో మెప్పు ఎంతో, తక్కినది ఎంతో అప్పుడు నాకు తెలియలేదు.

కొన్నాళ్లకు లింగయ్య అనే ఆయన షాపుకొచ్చాడు. మేళ్లచెరువులో ఒక సిమెంటు ఫ్యాక్టరీలో లారీల కాటా దగ్గర గుమస్తా. కాపురం కోదాడలో. నా వీడియో చూసి వచ్చానని చెప్పేసరికి నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. "టోపీ కప్పల అన్నిట్ల మంచిది ఏదుంటే అది కావాలె" అన్నాడు. అక్క ఏదో పని మీద బయటికి వెళ్లింది. నేను ఆయన్ని కూర్చోబెట్టి అరవై, యాభై లెక్కంతా విడమరిచి చెప్పి, ఎంతో జాగ్రత్తగా దాచుకున్న జపాన్ మెషిన్ తీసి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని పాలగిన్నె పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని వెళ్లాడు.

పది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం మళ్లీ వచ్చాడు. మెషిన్‌ను తుడిచి, వైరు చక్కగా చుట్టి, బల్ల మీద పెట్టాడు. "ఖరాబు ఏం గాలే తమ్మీ. మంచిగనే ఉంది. మాకే చాతనైత లేదు" అని వెనక్కి తిరిగాడు. ఆయన మీద నాకు కోపమే వచ్చింది. ఇంత మంచి వస్తువు విలువ తెలియనివాడికి ఇచ్చానే అనుకున్నాను. అక్క మాత్రం చేతిలోని స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి లేచింది.

"అన్నా, జర ఆగు. ఆడేది ఎవరు?"

ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. "నా భార్య" అన్నాడు. తర్వాత ఒక్కొక్క మాటే వచ్చింది. ఆమె పేరు నిర్మల. ఆరు నెలల కింద పక్షవాతం వచ్చింది. నడక తిరిగొచ్చింది గానీ కుడిచేయి రాలేదు. వేళ్లకు పని చెప్పమని దవాఖానలో ఒక మెత్తటి బంతి ఇచ్చారు. నాలుగు రోజులు పిసికి, విసుగొచ్చి దాన్ని మంచం కిందికి తోసేసింది. ఎవరితోనూ మాట్లాడడం లేదు. ఒకరోజు ఉన్నట్టుండి, చిన్నప్పుడు అన్నదమ్ములతో ఆడిన టోపీ కప్ప ఎక్కడైనా దొరుకుతుందా అని అడిగింది. "జబ్బు చేసినంక నోరు తెరిచి ఇది గావాలె అని అడిగింది గదొక్కటే అక్కా" అన్నాడు లింగయ్య. "పది రోజుల నుంచి మొదటి గుంతనే దాటలే. నిన్న దాన్ని అవతలికి నూకేసి, నాకు ఆట గూడ చాతగాదని గోడ దిక్కు తిరిగి పండుకుంది."

నేను తలెత్తలేకపోయాను. ఇరవై నిమిషాలు మాట్లాడినవాణ్ణి, అక్క అడిగిన ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. అక్క ఇరవై ఐదు కిలోల బియ్యం సంచి ఒకటి ఖాళీది తీసి దులిపింది. "కప్ప మెషిన్లన్ని తీసి దీంట్ల పెట్టు" అంది. నేను చెత్తబుట్టకే అన్న మెషిన్‌ను ఆమే తీసి పాత తువ్వాలలో చుట్టి పైన పెట్టింది. షాపుకు తాళం వేసి ముగ్గురం కోదాడ బస్సెక్కాం.

వాళ్లింట్లో అక్క సంచి విప్పలేదు. నిర్మల గారి మంచం పక్కన కుర్చీ లాక్కుని, ముందు మంచినీళ్లు అడిగింది. ఆవిడ లేచి వెళ్లి ఎడమచేత్తో గ్లాసు తెచ్చింది. కుడిచేయి కొంగు చాటునే ఉంది. అక్క నీళ్లు తాగి, గ్లాసు ఆ కుడిచేతి వైపే చాపింది. వేళ్లు బయటికి వచ్చి, దాని చుట్టూ మూయడానికి ఎంతసేపు పడుతోందో గమనించింది. తర్వాత నా వైపు తిరిగి, నా చేతిరుమాలుతో నా కుడిచేతి బొటనవేలూ, చూపుడువేలూ కలిపి బిగించి కట్టింది.

"ఇగ ఆడు."

నేను జపాన్ మెషిన్ మీద ఆడాను. కప్ప మొదటి గుంతలో పడింది. మళ్లీ పడింది. మిగిలిన వేళ్లతో బటన్ అందుకునేలోపే అది గుంతలో ఉంటోంది. ఆరోసారి పడ్డప్పుడు నాకు చెమటలు పట్టాయి. వెనుక నుంచి చిన్న నవ్వు వినిపించింది. "అయ్యో, మీ వాడికి కూడా రావట్లేదేంటండీ!" అంది నిర్మల గారు. లింగయ్య ఆమె ముఖం వైపు చూసి, గబుక్కున కళ్లు తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూశాడు.

ఆ తర్వాత ఒక్కొక్కటే ఆవిడ ముందు పెట్టాం. మబ్బులూ జలపాతాలూ ఉన్న దాన్ని చూసి, "ఇది మా కప్ప కాదండీ, దీనికి బుగ్గలొచ్చినయ్" అంది. బుల్లి మెషిన్ చేతిలోంచి జారిపోయింది. చివరికి అక్క తువ్వాల విప్పి నిదానపు మెషిన్ తగిలించింది. పాట మొదలైంది. నా చెవికి ఎప్పటిలాగే ఈడ్చుకుంటూ వినిపించింది. నిర్మల గారు మాత్రం నిటారుగా కూర్చుంది.

"ఇదే! పాట ఇట్టాగే ఉండేది. మొన్న తెచ్చిన దాంట్లో ఎవరో తరుముకొస్తున్నట్టు ఉరికింది. నేనే మర్చిపోయానేమో అనుకున్నా."

అప్పుడు నాకు అర్థమైంది. ఆవిడ చిన్నతనంలో కోదాడలో దొరికినవన్నీ ఈ రకమే. నేను చెత్తబుట్టకే అన్నదే ఆమెకు అసలు ఆట. ఆవిడ రెండుసార్లు గుంతలో పడింది. మూడోసారి వంకరపోయిన బొటనవేలు బటన్ మీదికి సమయానికి చేరింది. కప్ప నింపాదిగా లేచి అవతలి గట్టు అంచున దిగింది. ఎవరం చప్పట్లు కొట్టలేదు. ఆవిడ మాత్రం తెర మీదినుంచి చూపు తిప్పకుండా, "ఏమండీ, ఆ ఫ్యాను కాస్త తగ్గించండి, పాట వినపడట్లేదు" అంది.

తిరుగు బస్సులో నేను ఆ వీడియో తీసేస్తానన్నాను. అక్క కిటికీ పక్కన కళ్లు మూసుకుని ఉంది.

"ఎందుకు తీసేసుడు? నువ్వు చెప్పిన లెక్క తప్పు గాదు. గది ఎక్వ ఉరుకుతది, ఇది తక్వ ఉరుకుతది. ఎవరికి మంచిదో అడగలే, గంతే." కళ్లు తెరిచి మళ్లీ అంది. "మా నాయిన రేడియో తెచ్చినోళ్లను ముందుగాల ఏం వింటరని అడుగుతుండె. రేడియోకు ఏమైందో తర్వాత."

మరుసటి వారం అక్క చెప్పగా చెక్క ముక్క మీద కాలింగ్ బెల్ స్విచ్చు ఒకటి బిగించి, దూకే బటన్ వైర్లు దానికి కలిపాను. అరచేయి మొత్తం ఆనించినా సరే కప్ప దూకుతుంది. దాన్ని నేనే కోదాడ తీసుకెళ్లి ఇచ్చాను. నెలలు గడిచేకొద్దీ నిర్మల గారికి స్విచ్చు అవసరం తగ్గింది. బంతి పిసకని వేళ్లు కప్ప కోసం వంగడం నేర్చుకున్నాయి. చేయి పూర్తిగా మామూలుగా కాలేదు. కానీ ఆ ఆటలో నేను ఏనాడూ చూడని చివరి కొలను దాకా ఆవిడ వెళ్లింది. అక్కడ కప్ప టోపీ తీసి దండం పెడుతుందని నాకు ఫోన్‌లో చెప్పింది ఆవిడే.

అక్క దగ్గర నాలుగేళ్లు ఉన్నాను. సోల్డరింగ్ అక్కడికి రాకముందే వచ్చు. సర్క్యూట్ చదవడమూ వచ్చు. అక్కడ నేర్చుకున్నది వేరు. ఇప్పుడు నా షాపుకు ఎవరైనా వచ్చి ఏది మంచిదని అడిగితే చటుక్కున జవాబు రాదు. ఎవరి కోసం, వాళ్ల చేతులెలా ఉంటాయి, ఎక్కడ కూర్చుని ఆడతారు అని అడుగుతూ కూర్చుంటాను. కొందరు విసుక్కుని వెళ్లిపోతారు. నా పెళ్లిచూపుల్లో కూడా ఇలాగే ప్రశ్నలు వేశానని నా భార్య ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

పోయిన ఏడాది అక్క కంటి ఆపరేషన్ తర్వాత చూడడానికి వెళ్లాను. షాపు మూసేసింది. కొడుకు పెద్ద టీవీ కొనిస్తానంటున్నాడని, ఏది కొనాలో చెప్పమని అడిగింది. నేను జవాబు చెప్పకుండా, ఇంట్లో ఉన్న టీవీ పెట్టమని చెప్పి, ఆమె పక్కన గంటసేపు కూర్చున్నాను. పావుగంట తిరక్కముందే ఆమె చూపు తెర మీదినుంచి జారిపోయింది. కళ్లు మూసుకుని, మాట సరిగ్గా అందనప్పుడల్లా తల ఒక పక్కకు వంచి వింటోంది. సాయంత్రం బజారుకు వెళ్లి మంచి స్పీకర్ ఒకటి తెచ్చి, ఆమె కుర్చీ పక్కన చెవి ఎత్తులో బిగించాను. పాటల ఛానెల్ పెట్టాను. అక్క ఈసారి తల వంచకుండానే ఒక పాట పూర్తిగా వింది.

"టీవీ గదా అడిగిన," అంది చివరికి. "ఇది గావాలెనని నీకెట్ల తెల్సింది తమ్మీ?"

నేను ఆమె ముఖం వైపు చూశాను. నిజంగానే తెలియక అడుగుతోంది.