బరువు తీసేసిన మిల్లు

హిందూపురం వేరుసెనగ నూనె మిల్లులో మాబుసాబ్ పని ఒక బరువును కనిపెట్టుకొని ఉండడం. నిలువు గొట్టం మీద పాత ఇనుము నింపిన పెద్ద తొట్టి అది. పంపు నీటిని తోస్తే పైకి లేచేది. ప్రెస్సులు ఆ నీటిని వాడుకుంటే నిదానంగా దిగేది. నాలుగు ప్రెస్సులకూ ఒకే ఒత్తిడి అందేది. మిషన్లు బిగించిన దొర దాన్ని అక్యుములేటర్ అన్నాడట. మిల్లులో మాత్రం అందరికీ బరువే.

1942లో యుద్ధం మూలంగా ఇనుముకు గిరాకీ వచ్చింది. యజమాని తిమ్మరాజుకు బరువును అమ్మాలని బుద్ధి పుట్టింది.

"పంపు నుంచి నేరుగా గొట్టాలు వేస్తే నడవదా, మాబూ?"

"ఒక ప్రెస్సయితే బాగా నడుస్తాది సామీ. రిపేర్లు కూడా తక్కువే. నాలుగింటికి వద్దు. ఒకటి గబుక్కున మూస్తే ఆ నీళ్ళు మిగతా గొట్టాల్ని తంతాయి. ఇప్పుడు బరువు లేచి ఆ నీళ్ళను మింగుతాండాది."

రెండో ప్రెస్సు నడిపే ఆదెప్ప పక్కనే ఉన్నాడు. "సంగటి మింగేదాంట్లో మా సాబుకు ఈ బరువు తమ్ముడన్నమాట!" అన్నాడు. యజమాని కూడా నవ్వాడు. మాబుసాబ్‌దీ ఆదెప్పదీ పెనుకొండే. మధ్యాహ్నం మాబుసాబ్ గిన్నెలోనే ఇద్దరూ తినేవాళ్ళు.

కొద్దిరోజులకే బరువు బండెక్కింది. గొట్టాలు నేరుగా పంపుకు కలిపారు. ఒకరోజు మూడో ప్రెస్సు వాల్వు ఎవరో ఒక్కసారిగా మూశారు. రెండో ప్రెస్సు గొట్టం అతుకు ఊడి, ఆదెప్ప కుడిచేతి వేళ్ళు పోయాయి.

విచారణకు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ వచ్చాడు.

"బరువు లేకున్నా నడుస్తాదని మాబుసాబే చెప్పినాడు" అన్నాడు తిమ్మరాజు.

ఆ మాట నిలిస్తే తప్పూ మాబుసాబ్‌దే, పోయే పనీ అతనిదే. మాబుసాబ్ ఆదెప్ప వైపు తిరిగాడు. "నువ్వు ఆడే ఉంటివి గదప్పా. నేనేమన్నానో చెప్పు."

ఆదెప్ప తన చేతి కట్టు చూసుకున్నాడు. "నేను ఇనలేదు" అన్నాడు.

మాబుసాబ్‌ను తీసేశారు. ఆదెప్పకు గేటు కాపలా ఇచ్చారు. మాబుసాబ్ ధర్మవరం స్టేషన్లో రైలింజన్లకు నీళ్ళు పట్టే పని చూసుకున్నాడు. పోయే ముందు గిన్నె కోసం మిల్లుకు వచ్చాడు.

"లోపలికి వదలద్దన్నారు" అని, ఆదెప్ప తానే పోయి గిన్నెను ఎడమ చేత్తో తెచ్చాడు.

"సంగటి మాట చెప్పి నవ్వింది నువ్వే కదా, ఆదెప్పా?"

"ఈ చేత్తో నేనింక యాడికి పోవల్ల, సాబూ?"

మాబుసాబ్ గిన్నె అందుకోలేదు. "ఉంచుకో. ఇద్దరం తిన్న గిన్నె నాకొద్దు" అని స్టేషన్ దారి పట్టాడు.