పిడుగుమేళం నెమ్మదించిన ఏడాది

గుమ్మం ఒకటే, దుకాణాలు రెండు. లోపలికి అడుగుపెడితే ఎడమ గోడ నిండా గడియారాలు, కుడి పక్క కొక్కేలకు వేలాడే ప్యాంట్లూ కోట్లూ. గడియారాలు బాగుచేసేది మొగుడు, బట్టలు సరిచేసేది పెళ్ళాం. పళ్ళచక్రం చప్పుడులో తేడా చెవితోనే పట్టాలి కాబట్టి ఆయనకు నిశ్శబ్దం కావాలి. ఆవిడకు చెయ్యి ఆడాలంటే చెవిలో పిడుగులు పడాలి. అందుకే పెళ్ళయిన కొత్తలోనే ఒక జత పెద్ద హెడ్‌ఫోన్లు కొనుక్కుంది. సంసారం సజావుగా సాగిపోయింది.

వీధిలో అందరూ ఆవిడను దర్జీ అక్క అంటారు. యాభై మూడేళ్ళు. చూస్తే నోట్లో నాలుక లేని మనిషనుకుంటారు. హెవీ మెటల్ సంగీతమంటే ప్రాణమని చెబితే కొత్తవాళ్ళు నమ్మరు.

పంతొమ్మిదేళ్ళప్పుడు బట్టల ఫ్యాక్టరీలో చేరింది. రెండు వందల మిషన్ల హోరులో ఏ పాటా వినపడేది కాదు. ఒకరోజు పక్క సీటావిడ తన ఇయర్‌ఫోన్ ఒకటి తీసి ఇచ్చి, “ఇది విను, ఇదొక్కటే వినపడుతుంది” అంది. వినపడింది! ఆ బ్యాండు పేరు పిడుగుమేళం. నలుగురు మనుషులు, నలభై మంది చేసేంత రభస. పాట అయ్యేసరికి ఆవిడ పది కాలర్లు కుట్టి పడేసింది. సూపర్‌వైజరు వచ్చి ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు.

పెళ్ళయి అత్తారింటికి వచ్చినప్పుడు ఆ క్యాసెట్లను స్వెట్టర్లో చుట్టి పెట్టె అడుగున దాచుకుంది. మూడో రోజే ఆడపడుచు కంటపడ్డాయి. ఆ పిల్లకప్పుడు పదహారేళ్ళు. కొత్త కోడలి గుండెల్లో రాయి పడింది. పిల్ల మెల్లగా తలుపు గడియ పెట్టి, “వదినా, ఒక్కటి వెయ్యవా?” అంది. ఆ ఒక్కటీ రెండు వైపులూ తిరిగి, మళ్ళీ మొదటి వైపుకొచ్చింది.

ఆ పిల్ల ఇప్పుడు సిటీ బస్సు డ్రైవరు. హారన్ అని పిలుస్తారు. ఆ పేరు బస్సు వల్ల రాలేదు, గొంతు వల్ల వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నాలు దుకాణంలో సభ జరిగేది. వదినా మరదళ్ళతో పాటు ఇంకో ఇద్దరు, పళ్ళ డాక్టరూ లెక్కల టీచరమ్మా వచ్చేవాళ్ళు. గడియారాలాయన ఆ సమయానికి చెప్పులేసుకుని నడకకు పోయేవాడు. ముప్పై ఏళ్ళలో ఆయన ఒక్క పాటా పూర్తిగా విని ఎరగడు.

అలాంటి సభలో ఎనిమిదేళ్ళ తర్వాత వచ్చిన పిడుగుమేళం కొత్త ఆల్బం పెట్టారు. మొదటి పాటే తొమ్మిది నిమిషాలు. పియానోతో మొదలైంది. ఎప్పుడూ గొంతు చించుకునే గాయకుడు, ఈసారి నిద్రపోతున్న పాపను లేపకూడదన్నట్టు పాడాడు.

“అయిపోయిందా? ఇంకా మొదలే కాలేదనుకున్నాను” అంది దర్జీ అక్క.

“నాకు ఏడుపొచ్చింది వదినా” అంది హారన్.

“నాకూ వచ్చింది. కారణం వేరు.”

డాక్టరు దర్జీ అక్క పక్షం చేరాడు. “పన్ను పీకేటప్పుడు నాకు పాతవే కావాలి. ఇది పెడితే పేషెంటుతో పాటు నేనూ కునుకు తీస్తాను.”

టీచరమ్మ ఊరుకోలేదు. “ముప్పై ఏళ్ళు అదే వాయిస్తే దాన్ని సంగీతం అనరు సార్, ఎక్కాలంటారు.”

“రోజంతా ఊళ్ళోవాళ్ళ బట్టలు మార్చి బతుకుతావు, వాళ్ళు ఒక్క పాట మారిస్తే ఒప్పుకోవా?” అని హారన్ అందుకుంది.

“వదులు చేస్తాను, బిగిస్తాను. కోటు ఇచ్చినవాడికి గౌను కుట్టి ఇవ్వను కదే!”

అందరూ నవ్వారు. నవ్వుతోనే ఆగితే బాగుండేది. “ఫ్యాక్టరీ మూతపడింది, కళ్ళకి జోడొచ్చింది, మోకాళ్ళు నా మాట వినడం మానేశాయి. అదొక్కటే అలాగే ఉందనుకున్నాను” అంది దర్జీ అక్క.

“నీకోసం వాళ్ళు అక్కడే నిలబడిపోవాలా?” అనేసింది హారన్.

ఆ మాట సూదిలా దిగింది. దర్జీ అక్క లేచి ఇస్త్రీపెట్టె వేడి చూడసాగింది, అది ఆపి గంటయినా. మూడు ఆదివారాలు సభ లేదు. గడియారాలాయన పని అడకత్తెరలో పోకచెక్కయింది. చెల్లెలు ఫోను చేసి “నీ పెళ్ళాం ఎలా ఉంది?” అనేది. పెళ్ళాం వెనక నుంచి “బాగానే ఉన్నానని చెప్పండి” అనేది. ఆయన చెప్పేవాడు.

నాలుగో ఆదివారం హారన్ మిగతా ఇద్దరినీ వెంటేసుకుని వచ్చి, అన్న ఎదురుగా కూర్చుంది. “పిడుగుమేళం మన ఊరు వస్తోంది. వెళ్ళాలో వద్దో తేలాలి. ఓట్లు అటు రెండు, ఇటు రెండు. తీర్పు నువ్వు చెప్పు అన్నయ్యా.”

“నాకేం తెలుసే ఆ గోల?”

“చెవులున్నాయిగా!”

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. ఆగిపోయిన గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకున్నప్పటిలాగే కళ్ళు మూసుకున్నాడు. కొత్తది విన్నాడు. పాతది అడిగి విన్నాడు. మధ్యలో వచ్చిన రెండూ విన్నాడు. గంట దాటింది. డాక్టరు టీ చల్లారిపోయింది.

“ఈ పాతవన్నీ నాకు తెలుసు” అన్నాడు చివరికి.

“మీకెలా తెలుసండీ?” అంది దర్జీ అక్క.

“ముప్పై ఏళ్ళుగా నీ కాలి కింద మిషను చప్పుడు వింటున్నాను. నువ్వు పాటకే తొక్కుతావు. పోయిన రెండు ఆల్బముల్లో వేగం అందుకోగానే నీ కాలు తడబడేది. మోకాలు నొప్పనుకున్నాను, తైలం కూడా తెచ్చాను. నీ కాలిది కాదు తప్పు. డ్రమ్ములాయన చెయ్యి వెనకబడుతోంది. వెంట్రుకవాసి, అంతే.”

దర్జీ అక్క తన మోకాలి వంక చూసుకుంది.

“ఈ కొత్తదాంట్లో ఒక్క దెబ్బ కూడా పక్కకు పోలేదు. ఆయన చేతికి సరిపోయేట్టు కుట్టారు పాటని. తీర్పూ గీర్పూ నాకు రావు గానీ, మనిషిని మార్చకుండా పాట మార్చుకున్నట్టున్నారు వాళ్ళు.”

దర్జీ అక్క హెడ్‌ఫోన్లు లాక్కుని మళ్ళీ విన్నది. ఈసారి గాయకుణ్ణి వినలేదు, వెనక కూర్చున్నాయనను విన్నది. విని, మరదలి వైపు చూడకుండానే అంది: “టిక్కెట్లు ఎన్ని తెచ్చావు?”

“ఐదు” అంది హారన్.

శనివారం మధ్యాహ్నం ప్రదర్శన. హాలు నిండా నెరిసిన జుట్లు, బిగుసుకుపోయిన నల్ల బనీన్లు. డ్రమ్ముల వెనక మనిషి నెమ్మదిగా వచ్చి కూర్చున్నాడు. నెమ్మది పాటను గడియారంలా వాయించాడు. అది అవగానే గాయకుడు మైకు పట్టుకుని, “మావాడి చేతులకి అరవై నాలుగేళ్ళు. వేరేవాణ్ణి పెట్టుకోమని చాలామంది చెప్పారు. ఈ చేతులు లేకపోతే మేమూ లేము” అన్నాడు. తర్వాత పాతపాట మొదలుపెట్టారు, అన్నిటికన్నా వేగమైనది.

రెండో చరణానికి ఆ చెయ్యి వెనకబడింది. దర్జీ అక్క కాలు దానంతటదే లేచింది. నేల మీద దభీమని కొట్టింది, మళ్ళీ కొట్టింది, ముప్పై ఏళ్ళు మిషను తొక్కిన కాలు. పక్కన హారన్ అందుకుంది. డాక్టరు, టీచరమ్మ, ముందు వరస, వెనక వరస, చూస్తుండగా హాలంతా కాళ్ళతో తాళం వేసింది. డ్రమ్ములాయన తలెత్తి చూశాడు. పళ్ళన్నీ కనపడేలా నవ్వి, ఆ కాళ్ళ మీద ఎక్కి పాట చివరిదాకా పరిగెత్తాడు.

“అబ్బ! ఎంత సరిగ్గా పడుతోందే!” అని అరిచాడు గడియారాలాయన, చెల్లెలి భుజం పట్టుకుని ఊపేస్తూ.

బయట టీ కొట్టు దగ్గర ఐదుగురూ నిలబడ్డారు. అరిచి అరిచి ఎవరికీ గొంతు లేదు. హారన్‌కైతే మరీ, గాలి తప్ప ఏమీ రావడం లేదు.

“మారొచ్చని ఒప్పుకున్నావుగా?” అంది ఆ గాలితోనే.

“మనిషి కోసం ఒప్పుకున్నాను. పియానో కోసం కాదు” అని గుసగుసలాడింది దర్జీ అక్క.

హారన్ రెండు చేతులూ తిప్పి ఏదో వాదించింది. వదిన వేలు చూపించి కొట్టిపారేసింది. డాక్టరు ఆమె పక్షాన తల ఊపాడు, టీచరమ్మ అడ్డంగా ఊపింది. గడియారాలాయన ఇంకో ఐదు టీలు చెప్పాడు.