గిటారుకు వృషభాయం

బాగేపల్లి, చింతామణి పక్క ఏ ఉత్సవానికి పోయినా ధనుంజయను మీరు చూసే ఉంటారు. ఆర్కెస్ట్రాలో ఎడమ పక్క చివర, ఎర్ర గిటారు తగిలించుకుని నిలబడే బక్క మనిషి అతనే. గూళూరు దగ్గర పల్లె. పగలు టమాట తోట, సాయంత్రం ప్రోగ్రాములు. నేను అదే ట్రూపులో ప్యాడ్స్ వాయిస్తాను. ఈ సంగతి ఎవరికైనా చెప్పుకుంటే తప్ప నా కడుపుమంట చల్లారేలా లేదు.

ట్రూపు రూపేష్‌ది. చిక్కబళ్ళాపురం మనిషి. కీబోర్డు వాయిస్తాడు, అందులో లేని వాద్యం లోకంలోనే లేదనుకుంటాడు. సాదలిలో ప్రోగ్రాం ముగించుకుని వ్యానుకు సామాను ఎక్కిస్తుంటే, స్పీకరు పెట్టెను తెచ్చి ధనుంజయ గిటారు మీదే దించాడు. తీగలు సాగే పొడుగు కొయ్య, నెక్, రెండు ముక్కలైంది. మహానుభావుడు అయ్యో అని కూడా అనలేదు.

"నవంబరు ఒకటికి, కన్నడ రాజ్యోత్సవకు బాగేపల్లిలో ప్రోగ్రాం ఉండాది. ఆ లోపల రిపేరు చేయించుకుంటే సరి. లేకుంటే గిటారు నా కీబోర్డులోనే ఉండాది. నువ్వు తోటలోనే ఉండు" అన్నాడు.

ధనుంజయకు ఉన్న ఒక్క గొప్పా ఆ గిటారే. ఊళ్ళో టమాటలు పండించేవాళ్ళు ఇంటికొకరు. గిటారు ధనుంజయ మాత్రం ఒక్కడే. ఆ పేరు పోతుందని హడలిపోయి బెంగళూరుకు పరుగెత్తాడు. పాత సామాన్ల అంగడిలో వెతికి వెతికి ఒక నెక్ తెచ్చాడు. అది ఇంకో కంపెనీది. అతని గిటారు బాడీలో ఉన్న గాడికి పట్టలేదు, వెడల్పూ పొడుగూ రెండూ ఎక్కువే. అంగడివాడు ఒక మాట చెప్పే పంపాడు: పైన తీగలు ఆనే చోటికీ కింద బ్రిడ్జికీ సరిగ్గా నడుమ పన్నెండో మెట్టు రావాలి, ఆ కొలత తప్పితే గిటారు పనికిరాదు.

చింతామణిలో ఆంజనేయప్ప దగ్గరికి పోయాడు. వాకిళ్ళు చేసే వడ్రంగి. చేతిపనికి వంక పెట్టడానికి లేదు. కానీ ఏ వాకిలి చేసినా ఆయం చూడందే వదలడు. కొలత లెక్కలో ధూమాయం వస్తే ఆ ఇల్లు అచ్చిరాదని, కాస్త తగ్గించో పెంచో వృషభాయానికి తెస్తాడు. ధనుంజయ ఇంటి వాకిలి నిలబెట్టిందీ ఆయనే.

ఆంజనేయప్ప నెక్ పక్కలు చెక్కాడు, బాడీలో గాడి పెంచాడు. పన్నెండో మెట్టు సరిగ్గా నడుమకు వచ్చింది. అప్పుడే జిగురు పూసేసి ఉంటే నేనీ కథ చెప్పే పనే ఉండేది కాదు. అలవాటు ఊరుకోనిస్తుందా? గిటారును తల నుంచి తోక దాకా కొలిచి, వేళ్ళ మీద లెక్క వేసుకుని పెదవి విరిచాడు.

"ధూమాయం వస్తాండాదప్పా. అందుకే ముందుది ఇరిగిపోయె."

"ఆ కొలత తప్పకూడదన్నాడప్పా అంగడోడు."

"వానికి ఆయం తెలుసునా? వాకిలైనా ఇదైనా కొయ్య కొయ్యే. వేలు మందం లోపలికి జరిపితే వృషభాయం. వద్దంటే నీ ఇష్టం. మళ్ళా ఇరిగితే నా దగ్గరికి రావద్దు."

విరిగింది రూపేష్ పెట్టె కింద పడి అని ధనుంజయకు తెలియదా? కళ్ళారా చూశాడు. అయినా మళ్ళీ విరుగుతుందేమోనని భయపడ్డాడు. "జరపప్పా" అన్నాడు. ఆంజనేయప్ప జిగురు పూసి, నాలుగు మరలు బిగించి, పసుపు కుంకుమ పెట్టి ఇచ్చాడు. అక్కడే మొబైల్లో ట్యూనర్ పెట్టి, మెట్లు నొక్కకుండా ఉత్త తీగలు మీటితే శ్రుతి చక్కగా కుదిరింది. ధనుంజయ ఆయన కాళ్ళకు దండం పెట్టి వచ్చాడు.

రాజ్యోత్సవ రోజు బాగేపల్లిలో మధ్యాహ్నం సౌండ్ చూసుకుంటుంటే బయటపడింది. చెయ్యి పై మెట్లకు పోయేకొద్దీ స్వరం పక్కదారి పట్టింది. బ్రిడ్జి మరలు తిప్పగలిగినంతా తిప్పాడు, చాలలేదు. జిగురు పట్టిన నెక్ ఊడి రాదు. రూపేష్ మొబైల్ తీసి రికార్డు పెట్టాడు.

"ఇంకొకసారి వాయించు. ఇంకొకసారి!"

పిచ్చి ధనుంజయ, అడిగినన్నిసార్లూ వాయించాడు. ఒకసారైనా సరిగ్గా పలుకుతుందని ఆశ. ట్రూపంతా పగలబడి నవ్వింది. చివరికి రూపేష్ వచ్చి గిటారు వైరు పీకేశాడు.

"గిటారోడు స్టేజి మీద ఉంటే చూసేకి బాగుంటాది. నిలబడు, చేతులు ఆడించు. నగుమొగం పెట్టుకో."

సాయంత్రం జనం నిండారు. పల్లె నుంచి అతని తల్లి రామలక్ష్మమ్మ కూడా వచ్చి ముందు వరసలో కూర్చుంది. గిటారు రావలసిన చోటల్లా కీబోర్డే గిటారైంది. ధనుంజయ నవ్వుతూ నిలబడి, చప్పుడు లేని తీగల మీద ఒక్క మెట్టు కూడా తప్పకుండా వాయించాడు. పక్కనే ఉన్న నాకు ఏడుపొచ్చింది.

ప్రోగ్రాం అయిపోగానే రామలక్ష్మమ్మ స్టేజి ఎక్కి నేరుగా రూపేష్ దగ్గరికి వచ్చింది.

"మా పిల్లోడి గిటారు ఈ పొద్దు ఎట్ల మోగెనప్పా! ఇన్ని దినాలూ ఇంత బాగా ఎప్పుడూ ఇనపడలేదు. నీ పుణ్యం!"

"అవునమ్మా, బాగుండె" అన్నాడు రూపేష్, చాలా మర్యాదగా. తరువాత ధనుంజయ వైపు తిరిగాడు. "ఇన్యావు కదా? ఇంక వైరు తేవద్దు. ఎప్పుడూ ఇట్లే."

"ఏం వైరప్పా?" అంది ఆమె కొడుకుతో.

"ఏమీ లేదులేమ్మా" అన్నాడు ధనుంజయ. "పా, బస్సు పోతాది."