గ్రాము తూకం

ఆ వీధిలో ఎవరి కాటా తేడాగా తూగినా అందరికీ ముందు గుర్తొచ్చేది ఆయనే. ముప్ఫయ్యేళ్ళుగా కాటాలు బాగుచేస్తూ బతుకుతున్నాడు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడదు. చిన్నా పెద్దా అందరికీ ఆయన కాటా బాబాయే.

ఇంటి ముందు గదే దుకాణం. బల్ల నిండా పొట్టలు విప్పిన కాటాలు, గోడవారగా నలుగురు మనుషుల్ని ఒకేసారి తూచగల పెద్ద కాటా, అలమరలో మెత్తటి గుడ్డలో చుట్టిన తూకపు రాళ్ళు. ఆ రాళ్ళను ఉత్త చేత్తో ముట్టుకోనివ్వడు. చేతి చెమట కూడా బరువేనంటాడు. ఒకసారి పచారీ కొట్టువాడు గొంతు తగ్గించి, "బాబాయ్, ఓ ఇరవై గ్రాములు మనవైపు మొగ్గేట్టు చూడకూడదూ?" అని అడిగాడు.

"నీవైపు మొగ్గేది కావాలంటే మీ మామగారి చేత చేయించుకో. నేను చేసిన కాటాకి చుట్టరికాలుండవు," అన్నాడు బాబాయ్.

పదకొండేళ్ళ కిందట దుకాణం వెనక తల్లి వదిలేసిపోయిన ఒక కుక్కపిల్లను తెచ్చి, అప్పుడే బాగుచేసిన చిన్న కాటా మీద పెట్టాడు. మూడువందల పన్నెండు గ్రాములు. ఆయన భార్య గుమ్మంలోంచి చూసి, "ఇదేం కుక్కండీ, గ్రాముల్లో తూగుతోంది!" అంది. అదే దాని పేరైపోయింది. తర్వాత గ్రాము పద్దెనిమిది కిలోలకు పెరిగి, వచ్చేపోయేవాళ్ళు దాటుకుంటూ వెళ్ళాల్సినంత దర్జాగా గుమ్మానికి అడ్డంగా పడుకునేది. ఎవరూ దాన్ని లేవమని గదమాయించేవారు కాదు.

ఒకరోజు ఆ గుమ్మం ముందే పాలవ్యాను వెనక్కి వస్తూ దాన్ని గుద్దింది. వెనక కాలు విరిగింది. పశువుల డాక్టరమ్మ ఎముక సరిచేసి పిండికట్టు వేసింది. వయసులో ఆయన కూతురంత ఉంటుంది. చేతులు కడుక్కుంటూ, "దీనికి వయసు మీద పడింది కదా బాబాయ్ గారూ, సరిగా తినకపోతే ఎముక అతుక్కోదు. బరువు పడిపోకుండా చూసుకోండి," అంది.

ఇంకొకరైతే ఆ మాటకి, బాగా తినిపించాలి కాబోలు అనుకునేవారు. ఆయనకు మాత్రం అందులో బరువు అన్న మాటే వినబడింది. అది ఆయనకు చేతనైన పని.

మర్నాటి నుంచి పొద్దున్న ఏడింటికల్లా గ్రాముని రెండు చేతులా ఎత్తుకుని పెద్ద కాటా మీద పడుకోబెట్టేవాడు. పిండికట్టు బరువు ఆరువందల నలభై గ్రాములని అంతే కట్టు ఇంకోటి తెప్పించి మరీ తేల్చుకున్నాడు. లెక్కలోంచి దాన్ని తీసేసి, మిగిలిన అంకె గోడమీది క్యాలెండరులో రాసేవాడు. మొదటివారం అంతా దిగుడే. పద్దెనిమిది, పదిహేడున్నర, పదహారు తొమ్మిదివందలు. గుడ్డు నలిపి, మాంసం మెత్తగా ఉడికించి, వేలికి రాసి నోట్లో పెట్టేవాడు. గ్రాము మొహమాటానికన్నట్టు ఒకసారి నాకి తల తిప్పేసుకునేది.

తొమ్మిదో రోజు వంద గ్రాములు పెరిగింది. పదో రోజు ఇంకో రెండువందల యాభై.

బాబాయ్ కాళ్ళు నేలమీద నిలవలేదు. పచారీ కొట్టుకి వెళ్ళి చెప్పాడు. ఇస్త్రీ బండి దగ్గర ఆగి చెప్పాడు. పాలవాడు వ్యాను దిగి తప్పుచేసినవాడిలా నిలబడితే, వాడికి కూడా, "పోన్లేరా, కోలుకుంటోంది," అని చెప్పి పంపాడు.

భార్యకి మాత్రం మనసొప్పలేదు. "ముద్ద దిగట్లేదు కదండీ. మరి బరువు ఎక్కణ్ణుంచి వస్తోంది?"

"కొంచెం తిన్నా ఒంటికి పడుతోందే."

"వీపు మీద చెయ్యేస్తే ఎముకలే తగులుతున్నాయి."

"నీ చెయ్యి కాటా కాదుగా!"

"మీ కాటాకి కళ్ళు లేవుగా!" అంటూ ఆమె విసురుగా లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మాట ఆయనకి గుచ్చుకుంది. అలమర తీసి, ఐదు కిలోల రాయి, పది కిలోల రాయి, ఇరవై కిలోల రాయి ఒక్కొక్కటే కాటా మీద పెట్టి చూశాడు. ఒక్క గ్రాము తేడా లేదు. ఆమెను పిలిచి చూపించాడు కూడా. ఆమె అంకెవైపు చూసింది, కుక్కవైపు చూసింది.

గ్రాము పక్కకి వాలి పడుకోవడం మానేసింది. ముందుకాళ్ళు ఎడంగా పెట్టి, మెడ చాచి, గంటల తరబడి అలాగే కూర్చునేది. పిండికట్టు దురద పెడుతోంది కాబోలనుకుని, దాని అంచుల్లో దూది కూరాడు.

పదహారో రోజు కట్టు చూపించడానికి తీసుకెళ్ళారు. క్యాలెండరులోని అంకెలన్నీ ఒక కాగితం మీద పొందికగా ఎక్కించుకున్నాడాయన. చివరి అంకె పంతొమ్మిది కిలోల నాలుగువందలు. దెబ్బ తగలక ముందుకన్నా ఎక్కువ. మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లాడి తండ్రిలా ఆ కాగితాన్ని డాక్టరమ్మ ముందు పెట్టాడు.

ఆమె కట్టు సంగతి వదిలేసి ఆ కాగితమే చదివింది. తర్వాత గ్రాము పొట్టకి ఒకవైపు అరచెయ్యి ఆనించి, రెండోవైపు వేలితో చిన్నగా తట్టింది.

"తింటోందా?"

"తినడం అంతంత మాత్రమే గానీ, బరువు మాత్రం..." అంటూ ఆగిపోయాడు. తన మాట తనకే అప్పుడు వినబడింది. తినకుండా ఏ ప్రాణీ రోజుకి పావుకిలో పెరగదు. తూకం తెలిసినవాడికి అది ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఇది కండ కాదు బాబాయ్ గారూ. నీళ్ళు," అందామె.

సన్నటి సూది గుచ్చి, గొట్టంలోంచి కొలపాత్రలోకి వదిలారు. లేత పసుపు నీరు. పాత్ర నిండితే వంచి మళ్ళీ పెట్టారు. మొత్తం మూడు లీటర్ల తొమ్మిదివందలు. ఆయన తల తనంతట తానే లెక్కకట్టేసింది. ఆ నీళ్ళు పోను గ్రాము పదిహేనున్నర కిలోలు. క్యాలెండరులో అంకె ఎక్కుతున్న రోజులన్నీ కుక్క దిగుతూనే ఉంది. కాటా అబద్ధం చెప్పలేదు. దానిమీద ఉన్నదాంట్లో కుక్క ఎంతో, నీరు ఎంతో ఆయన అడగలేదు.

కాలేయం నిండా గడ్డలున్నాయని స్కానులో తేలింది. వ్యాను వల్ల వచ్చినవి కావని, చాలా నెలల నుంచి ఉన్నవేనని డాక్టరమ్మ చెప్పింది.

"వారం ముందే తెచ్చుంటే?"

"బతికించేదాన్నని చెప్పలేను. కానీ ఊపిరి కోసం ఇన్ని రోజులు ఇంత కష్టపడేది కాదు."

ఇంటికొచ్చే దారంతా, భార్య తిడుతుందేమోనని ఆయన ఎదురుచూశాడు. తిడితే బాగుండుననిపించింది. గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ ఆమె, "నేనైనా మీ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాల్సింది. రాళ్ళు పెట్టి చూపించారు కదా, నా చేతినే నమ్మడం మానేశాను," అంది.

నీళ్ళు తీసిన సాయంత్రం గ్రాము చాలా రోజుల తర్వాత పక్కకి వాలి, కాళ్ళు చాచుకుని నిద్రపోయింది. ఆయన దాని పక్కనే నేలమీద కూర్చుని, పక్కటెముకలు లేచి దిగడం చూస్తుండిపోయాడు. రోజూ పొద్దున్నే తూచి చూడమని డాక్టరమ్మ చెప్పింది. బరువు పెరిగితే మళ్ళీ తీసుకురమ్మంది. ఇప్పుడు ఆ అంకె పెరగకూడదని ఆశపడాలి. ఐదు రోజులకి పెరిగింది. మళ్ళీ తీశారు. ఈసారి మూడు రోజులకే పెరిగింది. గ్రాము నీళ్ళ గిన్నె వైపు కూడా చూడటం లేదు. తోక మాత్రం, ఆయన పిలిస్తే, నేలమీద ఒక్కసారి కదిలేది.

"ఇంక దాన్ని మన కోసం కూర్చోబెట్టొద్దండీ, హాయిగా పంపేద్దాం," అంది భార్య.

ఆయన తలూపాడు.

మర్నాడు పదకొండు గంటలకి డాక్టరమ్మ గదిలో వాళ్ళు ముగ్గురూ, కుక్కా. "మందు బరువుని బట్టి వెయ్యాలి, ఒక్కసారి కాటా మీద పెడదాం బాబాయ్ గారూ," అంటూ ఆమె ఆయన చేతుల్లోంచి గ్రాముని అందుకోబోయింది.

ఆయన ఇవ్వలేదు. నేలమీది కాటా వైపు చూశాడు. దాని మూలన మట్టం చూపే నీటి బుడగ గుండ్రటి గీతలోంచి పక్కకి జరిగి ఉంది. కాటా ఒక కాలు కుంటుతోంది.

"ఇది తక్కువ చూపిస్తుంది," అన్నాడు.

"ఎంతో కాదులెండి."

"తక్కువ చూపిస్తే మందు చాలదు. దానికి సగంలో మెలకువ వస్తే?"

డాక్టరమ్మ పక్కకి జరిగింది. ఆయన గ్రాముని భార్య ఒడిలో పెట్టి, మోకాళ్ళమీద కూర్చున్నాడు. కాటా కింద చెయ్యి పెట్టి, ఆ మూల మరను వేళ్ళతో కొంచెం కొంచెంగా తిప్పాడు. బుడగ కదిలింది. గీత దాటిపోయింది. వెనక్కి తిప్పాడు. ఒకసారి ఆగి, చేతులు తుడుచుకుని, మళ్ళీ తిప్పాడు. గదిలో ఎవరూ తొందరపెట్టలేదు.

బుడగ మధ్యలో నిలిచాక లేచి గ్రాముని తీసుకున్నాడు. కాటా మీద పడుకోబెట్టి, దాని తల కింద అరచెయ్యి పెట్టబోయి, ఆ చెయ్యి బరువు కూడా పడుతుందని వెనక్కి తీసుకున్నాడు. అంకె నిలకడగా నిలిచేదాకా చూసి, చదివి చెప్పాడు.

డాక్టరమ్మ మందు ఎక్కించడానికి అటు తిరగ్గానే, ఆయన చెయ్యి మళ్ళీ గ్రాము తల కిందికి వెళ్ళింది.